ఇచ్చిన టైము

మనోజ్ఞకి ఆ పని అప్పజెప్పిన రోజు ఐసీయూలో తోటి నర్సులు కేకు తెప్పించి కోయించారు. జూబ్లీహిల్స్ నుంచి ఫిల్మ్‌నగర్ వైపు దిగే వాలులో ఉన్న ఆ ఆరంతస్తుల ఆసుపత్రిలో కేస్ షీట్లు, మందుల చార్టులు ఎత్తేసి అన్నీ కంప్యూటర్‌లోకి మారుస్తున్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు వచ్చి పది రోజులు శిక్షణ ఇచ్చి వెళ్లిపోయారు. ఆ పది రోజుల్లో అందరికంటే ముందు నేర్చుకున్నది మనోజ్ఞే. అందుకని మిగతా నూట ఎనభై మంది నర్సులకీ నేర్పే పని ఆమెకిచ్చారు. అప్పటికి ఆమెకి ఇరవై ఎనిమిదేళ్లు. వెంగళరావు నగర్‌లో తల్లితో ఉంటుంది. ఈ సంగతి చెబితే తల్లి, "అయితే ఇక నైట్ డ్యూటీలుండవుగా?" అని మాత్రం అడిగింది.

నెల తిరక్కుండానే మిగతా అంతస్తులన్నీ దారిలోకి వచ్చాయి. మూడో అంతస్తు రాలేదు.

మూడో అంతస్తు వార్డుకి ఇన్‌ఛార్జ్ శకుంతలమ్మ. యాభై ఐదేళ్ల మనిషి. పంతొమ్మిదేళ్లుగా ఆ వార్డు ఆమె చేతి మీదే నడుస్తోంది. రహమత్ నగర్ నుంచి పొద్దున ఏడుకల్లా వచ్చేస్తుంది. భర్త పోచయ్య స్టూడియోల్లో లైట్‌మ్యాన్‌గా చేసేవాడు. పైనుంచి పడి నడుము దెబ్బతిన్నాక ఇంట్లోనే ఉంటున్నాడు. మొదటి రోజు క్లాసులో ఆమె చివరి వరసలో కూర్చుని, మనోజ్ఞ చెప్పిందంతా విని, చివరికి లేచి నిలబడి అడిగింది.

"అంతా మంచిగనే ఉన్నది గానీ, గీ కంప్యూటర్ బండి తోసుకుంట తిరిగితే పేషెంటు దిక్కు ఎవలు చూస్తరు?"

చిన్న వయసు నర్సులంతా నవ్వారు. మనోజ్ఞా నవ్వింది. కానీ ఆమె అడిగింది నవ్వించడానికి కాదు.

తర్వాత మూడు వారాలు శకుంతలమ్మ ఆ బండిని ముట్టుకోలేదు. తన పేరూ పాస్‌వర్డూ రాసిన ప్లాస్టర్ ముక్కని బల్ల సొరుగు లోపలివైపు అంటించి ఉంచింది. ఎవరికి తీరిక దొరికితే వాళ్లు ఆమె పేరుతో లోపలికి వెళ్లి నాలుగు అంకెలు కొట్టి వచ్చేవాళ్లు. ఆమె మాత్రం తన పొడుగు నోట్‌బుక్‌లో, ఎప్పటిలాగే, ఏ మందు ఎప్పుడు ఇచ్చిందీ, ఏ డాక్టరుకి ఎన్నింటికి ఫోన్ చేసిందీ, అటువైపు ఎవరేమన్నదీ గుండ్రటి తెలుగు అక్షరాల్లో రాసుకునేది.

క్వాలిటీ మేనేజర్ రఘునందన్ మనోజ్ఞని పిలిచాడు. నలభై ఏళ్ల మనిషి, గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ వినలేదు.

"కంప్యూటర్ ఎంట్రీల్లో మూడో ఫ్లోర్ నలభై ఒక్క శాతం దగ్గర ఆగిపోయింది. నెలాఖరుకి తొంభై ఐదు కావాలి, ఆడిట్ ఉంది. ఆవిడ మారతారా, ఇన్‌ఛార్జ్‌నే మార్చేద్దామా? నువ్వే చెప్పు."

"రెండు వారాలివ్వండి సార్. నేర్చుకుంటారు."

"అంత నమ్మకమా?"

"నాకు పని నేర్పింది ఆవిడే సార్."

అది నిజం. ఐదేళ్ల కిందట ఉద్యోగంలో చేరిన మొదటి వారం మనోజ్ఞ మూడో అంతస్తులోనే ఉంది. ఒక ముసలావిడ చేతికి సెలైన్ ఎక్కించే క్యాన్యులా పెట్టబోయి మూడు చోట్ల పొడిచి, నరం దొరక్క, ఏడుపు ఆపుకోలేక గదిలోంచి బయటికి వచ్చేసింది. శకుంతలమ్మ తిట్టలేదు. మళ్లీ లోపలికి తీసుకెళ్లి, ఆమె వేలిని ముసలావిడ చేతి మీద పెట్టించి, "కండ్లతోని ఎతకకు బిడ్డా. వేలుతోని చూడు. మెత్తగ తగుల్తది," అంది. తగిలింది. ఆ తర్వాత ఎప్పుడూ మనోజ్ఞకి నరం దొరక్కపోలేదు.

రోజూ మధ్యాహ్నం రెండుంబావుకి, డ్యూటీ అప్పగింతలు అయ్యాక, ఇద్దరూ వార్డు స్టోర్ గదిలో సెలైన్ పెట్టెల మధ్య రెండు స్టూళ్లు వేసుకుని కూర్చునేవాళ్లు. శకుంతలమ్మకి తెలివి తక్కువేం కాదని మొదటి రోజే మనోజ్ఞకి అర్థమైంది. స్క్రీన్ మీద ఒకేసారి కనబడే నలభై ఇంగ్లీషు మాటల్లో తనకి కావలసింది ఏదో తెలియక ఆమె ఒక్కొక్కటే కూడబలుక్కుని చదువుతోంది. అంతలో స్క్రీన్ ఆరిపోతోంది. మనోజ్ఞ ఒక చార్టు కాయితం మీద స్క్రీన్ బొమ్మ గీసి, ఏ గడిలో ఏముంటుందో తెలుగులో రాసి ఇచ్చింది. ఆమె దాన్ని ఇంటికి తీసుకెళ్లింది. మర్నాడు గళ్లన్నీ చూడకుండా అప్పజెప్పింది.

"మా ఆయన పరీక్ష పెట్టిండు. ఒక్కటే తప్పు పోయింది," అంది.

నాలుగో రోజు అసలు విషయం బయటికి వచ్చింది.

"ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. మందు టైముకు ఇయ్యకుంటే గీ గడి ఎర్రగైతది. నాకు ఇరవై రెండు మంచాలకు ముగ్గురు నర్సు పిల్లలున్నరు. పొద్దటి మందులు పంచేసరికి పది దాటుతది. నా పేరు మీద ఎరుపు నేనే ఏసుకోవాల్నా?"

"వెయ్యండక్కా. ఎర్రగా అవనివ్వండి. మనుషులు చాలట్లేదని మీరు ఎన్నిసార్లు అర్జీ రాశారు?"

"పదకొండు సార్లు. ఒక్కదానికి జవాబు రాలే."

"కాయితాలు ఎవరూ చదవరు. ఇది చదువుతారు. ప్రతి సోమవారం పైన మీటింగ్‌లో గోడ మీద వేసుకుని చూస్తారు. మూడో ఫ్లోర్‌లో ఇన్ని మందులు ఎందుకు ఆలస్యమవుతున్నాయని ఎవరో ఒకరు అడిగి తీరాలి. అప్పుడు మనుషుల్ని ఇస్తారు. మీరు ఇచ్చిన టైము ఇచ్చినట్టు వేస్తేనే అక్కడ నిజం కనబడుతుంది."

శకుంతలమ్మ కళ్లద్దాలు తీసి కోటు అంచుతో తుడిచింది.

"నిజంగనే చూస్తరా?"

"చూస్తారక్కా."

"గట్లయితే నేర్పు."

ఆ మాట మనోజ్ఞ ఆమెని ఒప్పించడానికి అల్లింది కాదు. నమ్మే చెప్పింది. ఆ రోజు నుంచి శకుంతలమ్మ వెనక్కి చూడలేదు. రెండు వేళ్లతోనే కొట్టేది, కానీ తప్పు కొట్టేది కాదు. సొరుగులోని ప్లాస్టర్ ముక్క పీకేసి పాస్‌వర్డ్ మార్చుకుంది.

నోట్‌బుక్ ఒక్కటే మిగిలింది. పేషెంట్ల వివరాలు ఎవరి దగ్గరా సొంత పుస్తకాల్లో ఉండకూడదని పైనుంచి ఆర్డర్ వచ్చింది. ఆర్డర్ రాకపోయినా మనోజ్ఞ అదే అడిగి ఉండేది. రెండు చోట్ల రాస్తున్నంత కాలం ఆమె చెయ్యి పుస్తకం వైపే పోతుంది.

"ఇది లేకుంటే నాకు చెయ్యి ఇరిగినట్టు ఉంటది బిడ్డా."

"పది రోజులు ఓపిక పట్టండక్కా, అలవాటైపోతుంది."

శకుంతలమ్మ కాసేపు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత ఇచ్చేసింది. అలాంటివి ఆమె దగ్గర ఇంకో పదహారు ఉన్నాయి. అవి కూడా మర్నాడు సంచిలో వేసుకుని తెచ్చింది. అన్నిటినీ రికార్డుల గదిలో మిషన్‌లో వేసి ముక్కలు చేసేశారు.

నెలాఖరుకి మూడో అంతస్తు తొంభై ఆరు దాటింది. మనోజ్ఞని మెచ్చుకుంటూ అందరికీ మెయిల్ వచ్చింది. ఆ రోజుల్లోనే ఆమె ఒకటి చూసింది. పూజిత అని, మూడో అంతస్తులోనే ఇరవై నాలుగేళ్ల నర్సు. చురుకైన పిల్ల. రెండు గంటలకి ఇవ్వాల్సిన మందులన్నీ ఒకటీ నలభైకే ఇచ్చేసినట్టు వరసగా నొక్కేస్తోంది. మందులింకా ట్రేలోనే ఉన్నాయి.

"ఇదేంటి పూజితా?"

"ఎలాగూ ఇస్తాను కదక్కా. నాకు ఏడుగురు పేషెంట్లు. ఒక్కటి ఎర్రగా పడితే పైనుంచి ఫోన్ వస్తుంది. అన్నీ ఆకుపచ్చగా ఉంటే ఎవరూ ఏమీ అడగరు." ఆ పిల్ల చేతులు ఆగలేదు. "అన్ని ఫ్లోర్లలో ఇంతేనక్కా. మీకు తెలీదా?"

మనోజ్ఞకి తెలుసు. తెలియనట్టు ఉంది, అంతే. "ఇచ్చాకే నొక్కు," అని చెప్పి అక్కడి నుంచి వచ్చేసింది. మళ్లీ వెళ్లి చూడలేదు. ఆడిట్ ఐదు రోజుల్లో ఉంది. మూడో అంతస్తు లెక్క సరైనదేనని ధ్రువీకరించే కాయితం మీద అప్పటికే సంతకం పెట్టేసింది.

మూడో అంతస్తు పట్టికలో ఇప్పుడు ఎరుపు గళ్లు ఉన్నది ఒక్క శకుంతలమ్మ పేరు ఎదుటే. సోమవారాలు వెళ్లిపోతున్నాయి. కనబడినప్పుడల్లా ఆమె మెల్లగా అడిగేది.

"చూసిన్రా?"

"చూస్తారక్కా."

జూలైలో త్రినాథరావు ఏడో నంబరు మంచం మీదికి వచ్చాడు. అరవై ఆరేళ్లు. ముప్పై ఏళ్లకి పైగా సినిమాల్లో మేకప్ వేసి మానేసిన మనిషి. ఫిల్మ్‌నగర్‌లోనే కాపురం. షుగర్. కాలి వేలికి పుండు పడి, మానక, జ్వరంతో చేరాడు. కూతురు నిహారిక సీరియళ్లకి డబ్బింగ్ చెబుతుంది. తండ్రి పక్కన తనే ఉంది. చేరిన రోజు ఆయన శకుంతలమ్మ ముఖం కేసి కాసేపు చూసి, "సిస్టరమ్మా, మీ ముఖానికి రంగు అక్కర్లేదండీ. కళ్ల కింద నలుపొక్కటే. అది నేను తియ్యలేను, నిద్రపోతే పోతుంది," అన్నాడట. ఆమె వార్డంతా వినబడేలా నవ్విందని తర్వాత పూజిత చెప్పింది.

మూడో రోజు పొద్దున జ్వరం పెరిగింది. పదకొండుకి డాక్టర్ వచ్చి చూసి యాంటీబయాటిక్ మార్చాడు. కొత్తది పదకొండుంబావుకల్లా పడాలని సిస్టంలో ఆర్డర్ పెట్టి వెళ్లాడు. ఆ మందు వార్డులో లేదు. కింద సెల్లార్‌లో ఉన్న ఫార్మసీ నుంచి రావాలి. పదకొండున్నరకి రాలేదు. శకుంతలమ్మ ఫోన్ చేసింది. పంపిస్తున్నామన్నారు. మళ్లీ చేసింది. లైన్ బిజీ. మూడోసారి ఎవరో ఎత్తి, వేరే బ్రాంచి నుంచి వస్తోంది, దారిలో ఉందన్నారు. ఇదివరకైతే ఐదో అంతస్తు ఇన్‌ఛార్జ్‌ని అడిగి ఒక సీసా తెచ్చి వాడి, సాయంత్రం తిరిగిచ్చేసేది. ఇప్పుడు ప్రతి సీసా మీదా ఒక పేషెంటు పేరు మీద బార్‌కోడ్ గీతల గుర్తు ఉంటుంది. ఒకరిది ఇంకొకరికి వెయ్యబోతే సిస్టం ఒప్పుకోదు. పన్నెండుంబావుకి వార్డు పూజితకి అప్పజెప్పి, లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్ల మీద సెల్లార్‌కి దిగింది. ఖాళీ చేతులతో ఎక్కి వచ్చింది. ఇంకో రెండుసార్లు ఫోన్ చేసింది. నిహారిక అడిగినప్పుడల్లా, "వస్తున్నదమ్మా, వస్తున్నది," అంటూ ఉంది.

ఒకటిన్నరకి మందు వచ్చింది. ఒకటీ ముప్పై ఐదుకి ఎక్కించింది. బండి దగ్గరికి వచ్చి ఒకటీ ముప్పై ఐదు అని కొట్టింది.

గడి ఎర్రబడింది. కారణం చెప్పమని సిస్టం అడిగింది. నాలుగే కారణాలున్నాయి. పేషెంటు వద్దన్నాడు, పేషెంటు మంచం మీద లేడు, ఉపవాసంలో ఉన్నాడు, ఇతరం. మందు రాలేదు అనే కారణం అందులో లేదు. అది చేర్చమని మనోజ్ఞ మొదట్లోనే రఘునందన్‌కి రాసింది. రెండో దశలో చూద్దామన్నాడు. శకుంతలమ్మ 'ఇతరం' నొక్కింది. కింద వివరం రాయడానికి జాగా తెరుచుకుంది. రెండు వేళ్లతో ఫార్మసీ అన్న మాట కొడుతుండగా తొమ్మిదో మంచం దగ్గర ఆక్సిజన్ మిషన్ మోగింది. పరిగెత్తింది. తిరిగి వచ్చేసరికి స్క్రీన్ తనంతట తను మూసుకుపోయింది. రాసింది పోయింది, ఆ జాగా మళ్లీ తెరుచుకోలేదు.

సాయంత్రానికి త్రినాథరావుకి బీపీ పడిపోయింది. ఐసీయూకి మార్చారు. రెండో రోజు మధ్యాహ్నం పోయాడు.

మనోజ్ఞ ఐసీయూ డాక్టర్‌ని అడిగింది. విషం అప్పటికే రక్తంలోకి పాకిందనీ, రెండు గంటల తేడా ఉండొచ్చు, ఉండకపోవచ్చు అనీ, ఎవరూ చెప్పలేరనీ ఆయన అన్నాడు.

కర్మకాండలు అయ్యాక నిహారిక వచ్చి రికార్డులు అడిగింది. ఇచ్చారు. పేజీల మధ్యలో ఒకే ఒక్క ఎర్ర గీత. ఆమె ఫిర్యాదు రాసింది.

విచారణ ఆరో అంతస్తులో జరిగింది. రఘునందన్, నర్సింగ్ సూపరింటెండెంట్ శేషారత్నం, ఫార్మసీ ఇన్‌ఛార్జ్ శ్రీకృష్ణ, సిస్టం గురించి చెప్పడానికి మనోజ్ఞ. గోడ మీద త్రినాథరావు చార్టు పడింది. పైనుంచి కింది దాకా ఆకుపచ్చ గళ్లు, మధ్యలో ఒక ఎరుపు. శకుంతలమ్మ ఉతికి ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని వచ్చింది. గోడ వైపు ఆత్రంగా చూసింది. ఆ చూపు మనోజ్ఞకి అర్థమైంది. ఇన్నాళ్లకి చూస్తున్నారు.

"రెండు గంటల ఇరవై నిమిషాలు ఆలస్యం. ఎందుకమ్మా?" అని శేషారత్నం అడిగింది.

"మందు పైకి రాలే మేడం. ఐదుసార్లు ఫోన్ చేసిన. కిందికి పోయి కూడ వచ్చిన."

శ్రీకృష్ణ తన ముందున్న స్క్రీన్ తిప్పి చూపించాడు. "పదకొండూ ఇరవైకే ఇచ్చినట్టు ఉందండీ. స్టాకులో నాలుగున్నాయి. ఇదిగోండి."

"గది అబద్ధం. బయటి నుంచి వస్తున్నదని మీ పిల్లగాడే చెప్పిండు."

"ఎవరు? పేరేంటి?"

"పేరు తెల్వది."

"ఎన్ని గంటలకి ఫోన్ చేశారు?" రఘునందన్ అడిగాడు. "ఎక్కడైనా రాసి పెట్టారా?"

శకుంతలమ్మ చెయ్యి ఒకసారి బల్ల మీద కదిలి ఆగిపోయింది.

"మునుపు రాస్తుంటి సార్. ఇప్పుడు రాస్తలేను."

మనోజ్ఞ తల ఎత్తలేకపోయింది. వార్డు నుంచి ఫార్మసీకి చేసే లోపలి ఫోన్లకి లెక్క ఉండదు. సెల్లార్ మెట్ల దగ్గర కెమెరా లేదు. ఇవన్నీ ముందు రోజే కనుక్కుంది. నిహారికకి ఫోన్ కూడా చేసింది. 'రెండు గంటల సేపు వస్తోంది వస్తోంది అందండీ. మధ్యలో ఎక్కడికో వెళ్లి వచ్చింది. ఎక్కడికి వెళ్లిందో నాకేం తెలుసు? మా నాన్న నా కళ్ల ముందే వణికిపోయాడు,' అని ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది. ఆ అమ్మాయిని తప్పు పట్టడానికి మనోజ్ఞకి ఏమీ కనబడలేదు.

"సార్," అంది మనోజ్ఞ. "సిస్టంలో ఇచ్చినట్టు ఉన్నంత మాత్రాన ఇచ్చినట్టు కాదు. ఫార్మసీలో ముందే నొక్కేస్తారు, తమ గడి ఎర్రబడకుండా. వార్డుల్లోనూ అంతే చేస్తారు. శకుంతలక్క ఒక్కరే అలా చెయ్యలేదు."

రఘునందన్ ఎప్పటిలాగే మెల్లగా అడిగాడు.

"ఎవరు చేస్తారు? పేర్లు చెప్పు, రాసుకుంటాను. చెప్పిన ప్రతి ఒక్కరినీ ఈ గదిలోకే పిలవాల్సి వస్తుంది. ఇంకొకటి. ఈ లెక్కలన్నీ సరైనవేనని జూన్‌లో సంతకం చేసింది నువ్వే."

మనోజ్ఞకి పూజిత గుర్తొచ్చింది. నాలుగో అంతస్తులో బాలింతగా ఉండి డ్యూటీకి వస్తున్న పిల్ల గుర్తొచ్చింది. ఒకరి వెనక ఒకరుగా ముప్పై మంది గుర్తొచ్చారు. తన సంతకమూ గుర్తొచ్చింది. వీటిలో ఏది తన నోరు కట్టేసిందో తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా ఆమెకి తేలలేదు.

"పేర్లు... ఖచ్చితంగా చెప్పలేను సార్."

"సరే అయితే."

శేషారత్నం శకుంతలమ్మ వైపు తిరిగింది. "మీరు ఇంకేమైనా చెప్పుకుంటారా?"

"ఏం లేదు మేడం. ఇచ్చిన టైమే ఏసిన."

నీకు ఎవరు చెప్పారు అలా వెయ్యమని అని వాళ్లు అడగలేదు. ఆమె చెప్పలేదు. మనోజ్ఞ వైపు చూడను కూడా లేదు.

తీసేశామని కాయితం ఇస్తే ఇంకెక్కడా ఉద్యోగం రాదు కాబట్టి తనే రాజీనామా రాస్తే మర్యాదగా ఉంటుందని చెప్పారు. ఆమె రాసింది. మధ్యాహ్నం మూడో అంతస్తులో పిల్లలు ఒక్కొక్కరే వచ్చి కాళ్లకి దణ్ణం పెట్టారు. పూజిత స్టోర్ గదిలోకి పోయి తలుపేసుకుంది. శకుంతలమ్మ బాత్రూం చెప్పులూ, టిఫిన్ డబ్బా, గోడకి పెట్టిన చిన్న అద్దం సంచిలో వేసుకుంది. ఏడో మంచం మీద అప్పటికి ఇంకెవరో ఉన్నారు. ఆ కొత్త మనిషి సెలైన్ అయిపోవస్తుంటే ఆగి, మార్చి, వెళ్లింది.

మనోజ్ఞ యాజమాన్యానికి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. జవాబు రాలేదు. వారం తర్వాత రఘునందన్ గదికి వెళ్లింది. అతను తలుపు మూసి కూర్చోమన్నాడు.

"నాకు తెలీదనుకుంటున్నావా? తెలుసు. నేను చెబితే పైవాళ్లు ఏమంటారో కూడా తెలుసు. కోట్లు పోసి కొన్న సిస్టం అబద్ధం చెబుతోందంటే ఎవరు ఒప్పుకుంటారు? ఒక నర్సు ఆలస్యం చేసిందంటే అందరూ ఒప్పుకుంటారు." అతని కళ్ల కింద కూడా నల్లగా ఉంది. "ఆ ఉత్తరం గురించి మర్చిపో. నిన్ను కూడా పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు."

ఆగస్టులో మూడో అంతస్తు తొంభై తొమ్మిదికి చేరింది. ఒక్క ఎరుపు లేదు. సోమవారం మీటింగ్‌లో నిజంగానే ఎవరో అడిగారు. ఉన్న మనుషులతోనే అన్ని మందులూ టైముకి పడుతున్నప్పుడు మూడో అంతస్తుకి అంతమంది ఎందుకు అని. పొద్దటి డ్యూటీలో ముగ్గురిని ఇద్దరు చేసి, ఒకరిని గచ్చిబౌలిలో తెరుస్తున్న కొత్త బ్రాంచికి పంపారు. ఆ సంగతి పూజిత చెప్పింది. చెబుతున్నప్పుడు ఆ పిల్ల ముఖంలో కోపం కూడా లేదు.

"ఇప్పుడు నాకు పదకొండుమంది అక్కా. చూడకుండానే నొక్కేస్తున్నాను."

సెప్టెంబరులో మనోజ్ఞకి శకుంతలమ్మ ఎక్కడుందో తెలిసింది. ఫిల్మ్‌నగర్ కొండ మీద ఒక నిర్మాత ఇంట్లో, పక్షవాతంతో మంచం పట్టిన ఆయన తల్లి జగదాంబగారిని చూసుకోవడానికి కుదిరింది. పన్నెండు గంటల పని. ఒక ఆదివారం పొద్దున మనోజ్ఞ వెళ్లింది. వాచ్‌మన్ లోపలికి ఫోన్ చేశాడు. శకుంతలమ్మ వెనకవైపు మెట్ల మీది నుంచి దిగి వచ్చింది. మామూలు నూలు చీర కట్టుకుంది. అలా చూడటం మనోజ్ఞకి అదే మొదటిసారి. ఇంకా పొట్టిగా అనిపించింది.

"నువ్వా బిడ్డా? గింత దూరం ఎందుకొచ్చినవ్? అమ్మ మంచిగున్నదా?"

గేటు లోపల కార్లు కడిగే చోట గట్టు మీద కూర్చున్నారు. పోచయ్య ఎలా ఉన్నాడని మనోజ్ఞ అడిగింది. అట్లనే ఉన్నాడని ఆమె చెప్పింది.

"అక్కా, ఆ రోజు నేను పేర్లు చెప్పాల్సింది."

"చెప్తే ఏమైతుండె? గా పిల్లలంత ఇంటికి పోతుండిరి. నేను మల్ల వస్తుంటినా?"

"నిజం టైము వెయ్యమని మీకు చెప్పింది నేనే. ఆ మాటైనా అక్కడ చెప్పాల్సింది."

శకుంతలమ్మ గట్టు మీద తడిని అరచేత్తో తుడుస్తూ ఉంది.

"నువ్వు మంచిగనే నేర్పినవ్. నేనే మంచిగ నేర్చుకున్న," అంది. ఎత్తిపొడుపులా లేదు. అంతకన్నా ఎత్తిపొడిచి ఉంటేనే బాగుండేదనిపించింది మనోజ్ఞకి. తర్వాత ఆమె గొంతు తగ్గించింది. "నాకు ఒక్కటే సమజైతలేదు. నువ్వు ఐసీయూల చేసినవ్ గద, నువ్వు చెప్పు. మందు టైముకు పడితే గా పెద్దమనిషి బతుకుతుండెనా?"

"తెలీదక్కా. డాక్టర్ని అడిగాను. ఎవరూ చెప్పలేరన్నాడు."

"గంతమంది కూసున్నరు. గోడ మీద ఏసి చూసిన్రు. ఎర్రగ ఎందుకైందని అడిగిన్రు. గీ ఒక్క మాట మాత్రం ఎవలు అడగలే. నాకు రోజు గదే యాదికొస్తది. అన్నం తినేటప్పుడు కూడ యాదికొస్తది. ఇంకో రెండుసార్లు మెట్లు దిగి పోయి కొట్లాడితే ఇస్తుండిరేమో. నేనే ఊకున్ననేమో."

"మీరు చెయ్యగలిగిందంతా చేశారు."

"గట్లనకు బిడ్డా. నువ్వు గాడ లేవు."

పైనుంచి ఎవరో కిటికీ తెరిచి, "శకుంతలమ్మా, పెద్దమ్మగారిని తిప్పి పడుకోబెట్టాలి," అని పిలిచారు. ఆమె మోకాళ్ల మీద చేతులానించి లేచింది. నువ్వు చాయ్ తాగి పో అనబోయి, అది తన ఇల్లు కాదని గుర్తొచ్చినట్టు ఆగిపోయింది.

"వానొచ్చేటట్టున్నది. పో బిడ్డా."

ఒక్కో మెట్టూ ఎక్కి లోపలికి వెళ్లిపోయింది. మనోజ్ఞ కొండ దిగి ఆటో దొరికే దాకా నడిచింది. ఆ నెలాఖరున ఆమెని గచ్చిబౌలి బ్రాంచికి పంపారు. అక్కడ కొత్తగా చేరిన అరవై మందికి సిస్టం నేర్పాలి. ఉద్యోగం మానేద్దామని తల్లితో రెండుసార్లు అంది, మానలేదు. ఫిల్మ్‌నగర్ వైపు మళ్లీ వెళ్లలేదు.